అడగలేదు కాబట్టి ఇవ్వలేదట!

ఉరికంబం ఎక్కించబోయే మనిషి పక్కన వకీలు ఉన్నాడా లేడా అని చూడాల్సింది ఎవరు? కోర్టా? సర్కారా? లేక బేడీలతో బోనులో నిలబడ్డ ఆ మనిషేనా? ఇవాళ లా చదివే ఏ విద్యార్థిని అడిగినా 22వ అధికరణం, 39-ఏ అధికరణం గడగడా ఒప్పజెబుతాడు. మంచిదే. కానీ సుప్రీంకోర్టు పుట్టిన కొత్తలోనే ఈ ప్రశ్న దాని ముందుకు వచ్చింది. ఎవరి మెడకు తాడు బిగిస్తే వచ్చిందో మన పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అది నల్లగొండ జిల్లా రైతుబిడ్డల మెడ. అందుకే మేము అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. నిజాం రాజు దిగలేదు, రాజప్రముఖ్ అయ్యాడు. దొరలు గడీలకు తిరిగొచ్చారు. దొరల మీద తిరగబడ్డవాళ్లు మాత్రం జైళ్లకు పోయారు. మిలిటరీ గవర్నర్ పాలనలో స్పెషల్ ట్రిబ్యునళ్లు వెలిశాయి. 1949 ఆగస్టులో నల్లగొండ ట్రిబ్యునల్ వరుసగా ఉరిశిక్షలు వేసింది. అదే ఏడు డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు వాళ్ల అప్పీళ్లను కొట్టేసింది. ఖైదీల ఫిర్యాదు పెద్ద పెద్ద న్యాయసూత్రాలతో నిండింది కాదు. మాకు వకీలును పెట్టుకునే వీలు ఇవ్వలేదు, మా తరఫున అడిగేవాడు లేకుండానే మా ప్రాణాల మీద తీర్పు చెప్పారు అన్నారు. అంతే.

అయినా హైకోర్టుకు ఆ విచారణ విచారణలాగానే కనిపించింది.

తర్వాత జరిగింది చూడండి. తెలంగాణ ఖైదీల కోసం లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టర్ వచ్చాడు. జనార్దన్ రెడ్డి కేసు అని లా పుస్తకాల్లో ఉండేది ఇదే. మొదట అప్పీలుకు అనుమతి అడిగారు. 1950 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. ఎందుకంటే హైదరాబాద్ హైకోర్టు తీర్పు 1950 జనవరి 26 కంటే ముందు వచ్చిందట, అప్పటికి ఈ రాజ్యాంగం లేదట, కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు వినే అధికారం తమకు లేదట. సరే అని హెబియస్ కార్పస్ రిట్ వేశారు. 1951 మార్చిలో దాని మీద తీర్పు వచ్చింది. ట్రిబ్యునల్ వాళ్లకు వకీలును ఏర్పాటు చేసి ఉంటే బాగుండేదని కోర్టు ఒప్పుకున్నది. వకీలు లేక నిందితుడు పూర్తిగా నిస్సహాయుడైతే పైకోర్టు అప్పీలులో జోక్యం చేసుకోవచ్చని కూడా అన్నది. కానీ మీరు వేసింది రిట్ కదా, అధికారం ఉన్న కోర్టే శిక్ష వేసింది కాబట్టి రిట్‌లో విడిచిపెట్టలేం అన్నది.

అర్థమైందా? అప్పీలుకు పోతే, అప్పీలు లేదు. రిట్‌కు పోతే, ఇది అప్పీలులో చెప్పుకోవాల్సిన మాట. రెండు తలుపులూ చట్టప్రకారమే మూసుకున్నాయి. ఏ జడ్జీ తప్పుడు మాట మాట్లాడలేదు. ప్రతి వాక్యానికీ ఒక నజీరు ఉన్నది. అన్నీ సక్రమంగా ఉండి మనుషులు ఉరికొయ్యకు పోవడం అంటే ఇదే. చివరికి దేశంలోనూ బయటి దేశాల్లోనూ గొడవ లేచాక ఆ ఉరిశిక్షలు యావజ్జీవాలయ్యాయి. ఆ ఖైదీల్లో ఒకరైన నల్లా నర్సింహులు తర్వాత దశాబ్దాలు బతికి తన అనుభవాలు రాసుకోగలిగారంటే అది న్యాయస్థానం పెట్టిన భిక్ష కాదు.

ప్రిట్ ఆ వాదనలో అమెరికా కేసు ఒకటి ముందుపెట్టాడు. 1931లో అలబామా రాష్ట్రం స్కాట్స్‌బరోలో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలను అత్యాచారం ఆరోపణ మీద విచారణకు నిలబెట్టారు. కోర్టు బయట గుంపు. విచారణ రోజు పొద్దున దాకా వాళ్లకు గట్టిగా ఒక వకీలు లేడు. ఊళ్లో ఉన్న వకీళ్లందరూ వీళ్లకు వకీళ్లేనని జడ్జి గాలిలో ఒక మాట వదిలాడు. అందరూ అంటే ఎవరూ కాదు. ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. 1932లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. చదువుకున్న తెలివైనవాడు కూడా కోర్టు విద్య తెలియక చేయని నేరానికి శిక్షపడే ప్రమాదం ఉన్నది, ఇక చదువులేని వాడి సంగతేమిటని అడిగింది. మన కోర్టు ఆ తీర్పును చదివింది, మెచ్చింది, పక్కన పెట్టింది. స్కాట్స్‌బరో పేరు మరిచిపోకండి. గుంపు, అత్యాచారం ఆరోపణ, దొరకని వకీలు, ఈ మూడూ కలిసి మన గడ్డ మీదికి కూడా వస్తాయి.

1951లోనే పంజాబ్ నుంచి వచ్చిన మరో కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. వకీలు కావాలంటే అడుక్కోవాల్సిన బాధ్యత నిందితుడిదే, లేదా అతని బంధువులది. మేజిస్ట్రేటు అవకాశం ఇస్తే చాలు, వకీలును తెచ్చిపెట్టే పని అతనిది కాదు. ఈ ఒక్క మాట ముప్పై అయిదేళ్లు పేదల నెత్తిన కూర్చున్నది.

అడగడమంటే ఏమిటో మనకు తెలియదా? ఠాణాలో రెండు రాత్రులు నేల మీద కూర్చోబెట్టి, బూటుకాలితో పలకరించి, పొద్దున్నే జీపులో మేజిస్ట్రేటు ముందుకు తెస్తారు. తెచ్చినవాళ్లే పక్కన నిలబడతారు. సాయంత్రం మళ్లీ వాళ్ల చేతుల్లోకే పోవాలి. మేజిస్ట్రేటు తలెత్తకుండా కాగితం మీద రాస్తూ ‘ఏమన్నా చెప్పుకునేది ఉన్నదా’ అంటాడు. ఆ మనిషి ‘ఏం లేదు సార్’ అంటాడు. ఆయన ‘నిందితుడు ఏమీ అడగలేదు’ అని రాసుకుంటాడు. తండా నుంచి వచ్చిన లంబాడాకు, గూడెం నుంచి వచ్చిన కోయకు ఆ కోర్టు భాషే అర్థం కాదు. ఆఫీసులో ఒక మెమో వస్తేనే యూనియన్ నాయకుడిని వెంటబెట్టుకొని పోయే ఉద్యోగ మిత్రులు ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంక్రిమెంటు కోసమే మనకు పక్కన ఒక మనిషి కావాలి కదా!

ఈ ‘అడగలేదు’ అన్న మాట ఎంత దూరం పోయిందో అరుణాచల్ ప్రదేశ్ కేసు చెబుతుంది. దిబాంగ్ లోయలోని అనిని అనే కొండ ఊరు. ఒక అసిస్టెంట్ ఇంజనీరును బెదిరించారని కొందరి మీద కేసు. వాళ్లకు వకీలు లేడు. సాక్షులను అడ్డం తిప్పి అడిగినవాళ్లు లేరు. రెండేళ్ల శిక్ష పడింది. గౌహతి హైకోర్టుకు పోయారు. వకీలు లేని మాట నిజమే కానీ వీళ్లు ఉచిత న్యాయసాయం కోసం దరఖాస్తు పెట్టుకోలేదు కదా, కాబట్టి విచారణ చెడిపోలేదని హైకోర్టు తేల్చింది. దరఖాస్తు! అట్లాంటి హక్కు ఒకటి ఉన్నదని తెలియనివాడు దాని కోసం దరఖాస్తు పెట్టాలి!

1986 మార్చిలో జస్టిస్ భగవతి ఆ తీర్పును తిరగగొట్టారు. పల్లెల్లో నూటికి దాదాపు డెబ్బై మంది చదువురానివాళ్లున్న దేశంలో, అడగలేదని హక్కు తీసేస్తే ఆ హక్కు ఎవరి కోసం అన్నారు. అడగకపోయినా మేజిస్ట్రేటే చెప్పాలి, చెప్పి ఇవ్వాలి, ఇవ్వకుండా నడిపిన విచారణ చెల్లదన్నారు. అంతకుముందే 1978లో జస్టిస్ కృష్ణయ్యర్, 1979లో బీహార్ విచారణ ఖైదీల కేసులో, 1980లో భాగల్‌పూర్‌లో పోలీసులు ఖైదీల కళ్లు పొడిచిన కేసులో భగవతి ఇదే మాటను మెట్టుమెట్టుగా ఎక్కించుకుంటూ వచ్చారు. నల్లగొండ ఖైదీలు అడిగింది కాగితం మీదికి రావడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

‘సుప్రీంకోర్టు దిద్దింది కదా, ఇంకా ఏడుపెందుకు’ అని అడిగేవాళ్లు ఉంటారు. మా గొడవ అక్కడే ఉన్నది. పేదవాడికి హైకోర్టే ఆఖరి కోర్టు. అచ్చంపేట నుంచో ఆసిఫాబాద్ నుంచో మనిషి మేకలమ్మి, పుస్తెలమ్మి హైదరాబాద్ దాకా రాగలడు. ఢిల్లీ దాకా పోలేడు. సుప్రీంకోర్టు దిద్దిన ఒక్కో కేసు వెనుక దిద్దబడకుండా శిక్ష మొత్తం అనుభవించి వచ్చినవాళ్లు ఎందరో లెక్కలేదు. హైకోర్టు దగ్గర తప్పితే వాడికి ఇక తప్పినట్టే. కాబట్టి మన కొట్లాట హైకోర్టు మెట్ల దగ్గర ఉండాలి, దాని కింద మేజిస్ట్రేటు కోర్టు గుమ్మం దగ్గర ఉండాలి.

1986 తర్వాతన్నా బాగుపడిందా అంటే, ‘వకీలు లేడు’ అన్న రోగం పోయి ‘పేరుకో వకీలు’ అన్న రోగం వచ్చింది. మధ్యప్రదేశ్ ఖండ్వాలో 2013లో ఒక తొమ్మిదేళ్ల పాపను చెరిచి చంపారన్న కేసులో ఇరవై ఒక్క ఏళ్ల పేద యువకుడిని పట్టుకున్నారు. ఫిబ్రవరి 19న కోర్టు అతనికి వకీలును ఇచ్చింది. అదే రోజు అభియోగాలు ఖరారు చేసింది. మార్చి 4న మరణశిక్ష. వకీలు కాగితాలు తిప్పే టైమన్నా దొరికిందా? జూన్‌లో హైకోర్టు ఆ ఉరిని ఖాయం చేసింది. మొత్తం కథ అయిదు నెలలు కూడా లేదు. ఆ రోజుల్లో దీన్ని ‘సత్వర న్యాయం’ అని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసి మళ్లీ విచారించమన్నది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న వకీలును పెట్టాలని, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. ఏడు రోజులు! గ్రూప్స్ పరీక్షకు ఏళ్ల తరబడి చదివే మన విద్యార్థులకు ఆ ఏడు రోజులు ఎంత తక్కువో తెలుసు. ఆ కాస్తయినా అప్పటిదాకా లేదు. మళ్లీ ఉరి పడి, మళ్లీ రద్దయి, చివరికి 2024లో ఆ మనిషి నిర్దోషి అని కోర్టే చెప్పి వదిలింది. పదకొండేళ్లు పోయాయి. ఆ పాపను చంపింది ఎవరన్నది మాత్రం తేలలేదు. వకీలును ఇవ్వకుండా తొందరపడితే నష్టపోయేది నిందితుడు ఒక్కడే అనుకునేవాళ్లు ఆ పాప తల్లిదండ్రులను కూడా తలచుకోవాలి.

చదువుకున్నవాడికీ, పేరున్నవాడికీ ఇదే గతి. 2023 అక్టోబర్‌లో ఢిల్లీలో న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను అరెస్టు చేసి, మర్నాడు తెల్లవారు జామున ఆరు గంటలకే జడ్జి ముందు నిలబెట్టారు. అతని సొంత వకీలుకు కబురు లేదు. పోలీసులే వెంట తెచ్చిన లీగల్ ఎయిడ్ వకీలు పక్కన నిలబడ్డాడు. రిమాండు పని అయిపోయింది. ఢిల్లీ హైకోర్టు ఇందులో తప్పేమీ లేదన్నది. 2024 మే నెలలో సుప్రీంకోర్టు అదంతా చాటుమాటుగా నడిపిన తంతు అని చీవాట్లు పెట్టి, ఆ అరెస్టే చెల్లదని విడుదల చేసింది. గమనించండి, లీగల్ ఎయిడ్ వకీలును పేదవాడికి అండగా నిలబెట్టమని చట్టం చేసుకుంటే, అదే వకీలును మనిషి కోరుకున్న వకీలుకు అడ్డంగా నిలబెట్టారు. మందు సీసాలో నీళ్లు పోసి అమ్మడం అంటే ఇదే.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఇది రాయడం మాకు సులువు కాదు. చదవడం మీకూ సులువు కాదు.

2019 జనవరి 1న తెలంగాణకు సొంత హైకోర్టు వచ్చింది. దాని కోసం వకీళ్లు ఎంత కొట్లాడారో, ఎన్ని రోజులు రోడ్ల మీద ఉన్నారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు. మన హైకోర్టు వస్తే మన మనిషికి న్యాయం దగ్గరవుతుందని కదా మనమందరం నమ్మింది! అదే ఏడు నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని చెరిచి, చంపి, కాల్చేశారు. ఆ బిడ్డను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. లారీల మీద బతికే నలుగురు కుర్రవాళ్లను పట్టుకున్నారు. షాద్‌నగర్ ఠాణా ముందు వేలమంది జనం. కోర్టుకు తీసుకుపోలేక మండల ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే ఠాణాకు వచ్చి పద్నాలుగు రోజుల రిమాండు రాశాడు. వీళ్ల కేసు ఎవరూ పట్టుకోవద్దని అక్కడి బార్ అసోసియేషన్ తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని పేపర్లు పొగిడాయి, టీవీలు పొగిడాయి, మనమూ పొగిడాం. డిసెంబర్ 6 తెల్లవారు జామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. రాఖీలు కట్టారు. క్యాంపస్‌లలో మిఠాయిలు పంచారు. ఒకప్పుడు ఎన్‌కౌంటర్ అన్న మాట వింటే ఒళ్లు జలదరించిన గడ్డ ఇది.

తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పింది? పోలీసుల కథనం నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ నివేదికను బయటపెట్టి, తర్వాతి పని చూడమని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ముగ్గురు మైనర్లు! ఈ ఒక్క మాట దగ్గర ఆగుదాం. స్కూలు రికార్డు తెచ్చి మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి మహా వాదనా పటిమ అక్కర లేదు. బార్‌లో నిన్న చేరిన జూనియర్ చాలు. ‘అయ్యా, వీళ్ల వయసు చూడండి’ అని ఒక్క మాట అంటే కేసు జువెనైల్ బోర్డు దారి పట్టేది. ఆ మాట అనేవాడు లేకుండా చేసింది ఎవరు? పోలీసులు కాదు. నల్లకోటు వేసుకున్నవాళ్లు, వాళ్లను చప్పట్లతో ఊపిన మనం. ఆ కుర్రవాళ్లు చచ్చాక మాత్రం వకీళ్లు దొరికారు. శవాల గురించి హైకోర్టులో వాదనలు జరిగాయి. ఢిల్లీ నుంచి ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండోసారి పోస్టుమార్టం చేశారు. బతికున్న మనిషికి ఇవ్వనిది శవానికి ఇచ్చాం.

వాళ్లు నేరం చేయలేదని మేము అనడం లేదు. చేశారో లేదో మాకు తెలియదు. మీకూ తెలియదు, ఎవరికీ ఇక తెలియదు. ఆ బిడ్డ తల్లిదండ్రులకు కోర్టు నోటి నుంచి నిజం వినే హక్కు ఉండింది. దాన్ని కూడా ఆ తెల్లవారు జామునే కాల్చేశారు.

‘అట్లాంటి వాళ్లకు వకీలెందుకు’ అన్న మాటకు ముంబై జవాబు చెప్పింది. కసబ్‌కు కూడా అక్కడి వకీళ్లు వాదించమన్నారు, ముందుకొచ్చిన వకీలు ఇంటి మీద దాడి చేశారు. అయినా కోర్టు వకీలును పెట్టింది. ఢిల్లీలో సుప్రీంకోర్టు రాజు రామచంద్రన్ అంతటి సీనియర్‌ను పెట్టింది. అంతా విని, 2012 ఆగస్టులో ఉరి ఖాయం చేసింది. నవంబర్‌లో ఉరి తీశారు. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన ఘడియ నుంచే నిందితుడికి వకీలు హక్కు ఉన్నదని, ఆ మాట చెప్పని మేజిస్ట్రేటు మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని తేల్చింది ఆ కసబ్ తీర్పులోనే. సరిహద్దు దాటి వచ్చి నూట అరవై మందికి పైగా ప్రాణాలు తీసిన మూకలో ఒకడికి ఇచ్చింది, మన పల్లెల నుంచి వచ్చిన క్లీనరు పోరలకు ఇవ్వలేకపోయామా?

బార్ అసోసియేషన్లు ఇట్లాంటి తీర్మానాలు చేయకూడదని తెలియక చేశాయా? 2010 డిసెంబర్‌లోనే, కోయంబత్తూరు వకీళ్ల తీర్మానం వచ్చిన కేసులో, జస్టిస్ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రా ధర్మాసనం చెప్పింది. ఎంతటి నేరస్థుడైనా సరే, వాదించమని తీర్మానాలు చేయడం రాజ్యాంగానికీ, వకీలు వృత్తి ధర్మానికీ విరుద్ధం, దేశంలో అట్లాంటి తీర్మానాలన్నీ చెల్లవు అని. అది జరిగి తొమ్మిదేళ్లయ్యాక షాద్‌నగర్. తర్వాత కూడా ఎక్కడ ఏ ఘోరం జరిగినా మొదట ప్రెస్‌మీట్ పెట్టేది బార్ అసోసియేషనే. ఫీజు కట్టగల పెద్దమనిషి కేసు వస్తే మాత్రం ఏ తీర్మానమూ గుర్తుకు రాదు. బ్యాంకులు ముంచినవాడికీ, చెరువులు మింగినవాడికీ ఎందరు సీనియర్లు! ఆ తీర్మానాలు ఎప్పుడూ చొక్కా చినిగినవాడి మీదే.

అందరు వకీళ్లనూ ఒక గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. అట్లా చేస్తే మాకే పాపం. కుట్ర కేసుల్లో, ఉరి కేసుల్లో, ఎన్‌కౌంటర్ కేసుల్లో జీవితమంతా నిలబడ్డ కన్నబిరాన్ మనవాడు. లెక్కల పాఠాలు మానేసి జనం కోసం నల్లకోటు వేసుకున్న బాలగోపాల్ ఇక్కడే తిరిగాడు. వరంగల్ వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్‌లో కాల్చి చంపారు. ఆయన చేసిన నేరం పౌరహక్కుల కోసం నిలబడడం. మంథని ఠాణాలో జరిగిన మరణం మీద హైకోర్టుకు ఎక్కిన వకీళ్ల జంట గట్టు వామన్‌రావు, నాగమణిలను 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో పట్టపగలు నడిరోడ్డు మీద నరికారు. ఈ గడ్డ మీద నిందితుడి పక్కన నిలబడడానికి వకీళ్లు ప్రాణం ధర కట్టారు. వాళ్ల ఫోటోలకు దండలేసే బార్ హాళ్లలోనే ‘వాదించం’ అన్న తీర్మానాలు పాసవుతున్నాయి.

ఇక మన సంగతి. ఉద్యమంలో మనమంతా ఏదో ఒక కేసులో నిందితులమే. రైలు పట్టాల మీద కూర్చున్నామని, రాస్తారోకో చేశామని, నినాదమిచ్చామని ఎఫ్ఐఆర్‌లలో పేర్లెక్కాయి. క్యాంపస్ నుంచి ఎత్తుకుపోయిన పోరగాళ్ల కోసం అర్ధరాత్రి ఠాణాల ముందు వకీళ్లు నిలబడితేనే తెల్లారేసరికి వాళ్లు మళ్లీ హాస్టల్ మెస్‌లో కనిపించారు. అప్పట్లో సర్కారు దృష్టిలో, సగం పేపర్ల దృష్టిలో మనం విధ్వంసకారులమే. ‘వీళ్లకు వకీలెందుకు’ అని అప్పుడు ఎవరన్నా తీర్మానం చేస్తే మన గతేమిటి? మరో మాట కూడా ఒప్పుకోవాలి. 2011 సకల జనుల సమ్మెలో వకీళ్లు కోర్టులు బహిష్కరించినప్పుడు మనం సంబరపడ్డాం. ఆ రోజుల్లో బెయిలు కోసం చంచల్‌గూడలో, చర్లపల్లిలో రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ల గురించి ఈ పత్రికల్లో ఎంత రాశామో వెతికితే తలదించుకోవాల్సి వస్తుంది. కొట్లాట న్యాయమైందే. దాని బిల్లు కట్టినవాళ్లలో ఆ ఖైదీలు కూడా ఉన్నారని మాత్రం మనం లెక్క రాయలేదు.

కాగితం మీద ఇవాళ కొరత లేదు. అరెస్టయిన మనిషి విచారణ సమయంలో తన వకీలును కలవొచ్చని నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ అంటుంది. వకీలును పెట్టుకోలేని వాడికి సర్కారు ఖర్చు మీద పెట్టాలని 341వ సెక్షన్ అంటుంది. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరకాలి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ఎన్ని ఠాణాల గోడ మీద కనబడేట్టు రాసి ఉన్నదో, ఈ వారం మీ ఊరి ఠాణాకు పోయి చూసి రండి.

మా డిమాండ్లు గొప్పవేమీ కావు. మొదటి రిమాండుకు వకీలు లేకుండా సంతకం పెట్టిన మేజిస్ట్రేటును ఎందుకు పెట్టావని హైకోర్టు అడగాలి. కసబ్ తీర్పు చెప్పిన చర్య ఇప్పటిదాకా ఎందరి మీద తీసుకున్నారో బయటపెట్టాలి. లీగల్ ఎయిడ్ వకీలుకు ఇచ్చే ఫీజు ఆటో చార్జీలకన్నా సరిపోయేట్టు ఉండాలి. లేకపోతే అతను కాగితం మీద సంతకం పెట్టి పోతాడు, తప్పు అతనిది కాదు. ‘వాదించం’ అని తీర్మానం చేసిన బార్‌కు బార్ కౌన్సిల్ నోటీసు ఇవ్వాలి. లా విద్యార్థులు వారానికి ఒక రోజు మేజిస్ట్రేటు కోర్టుకు పోయి, రిమాండుకు తెచ్చినవాళ్లలో ఎందరి పక్కన వకీలు ఉన్నాడో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. తేదీ, కోర్టు, ఎంతమంది, ఎందరికి వకీలు, వకీలు నోరు తెరిచాడా లేదా. ఆ లెక్కలు పంపండి, ఈ పేజీలోనే వేస్తాం.